కొండదారికి ముందు మా చిన్న కారు

వసంతంలో కొండల మీదికి బయలుదేరే ముందు మా చిన్న కారులో నేను అన్నిటికంటే ముందు బ్రేకులనే చూస్తాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకుండా నిలిచినా, తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు కనుక, పొడవైన దిగుడులో అది మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. ఈసారి మూత తీసి చూస్తే ఆయిల్ కాఫీ రంగుకు తిరిగి ఉండడంతో వెంటనే మార్పించాను. స్టెప్నీతో సహా టైర్లన్నిటిలోనూ గాలిని పొద్దున్నే, బండి కదలక ముందే కొలిచాను. వైపర్ రబ్బరు అంచున సన్నని చీలిక కనబడింది, దాన్నీ మార్చాను. సామాను మాత్రం సగానికి తగ్గించాను. నిండు బరువుతో చిన్న ఇంజిన్ ఎత్తు ఎక్కలేక రొప్పుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.