పెడన అచ్చులు, నా ప్రాజెక్ట్

సర్ఫేస్ డిజైన్ ప్రాజెక్ట్ ఈరోజు సబ్మిట్ చేశాను. తీసుకున్నది కృష్ణా జిల్లా పెడన కలంకారీ, అంటే చెక్క అచ్చులతో బట్ట మీద డిజైన్లు అద్దే పని. కంప్యూటర్‌లో మోటిఫ్ (ఒక్క బొమ్మ) గీసి, దాన్నే మళ్లీ మళ్లీ వరసగా రిపీట్ వేయడం తేలికే. అదే టేకు అచ్చు మీదకి వెళ్తే రంగుకో అచ్చు కావాలి, ఒక అచ్చులో ఆగిన తీగ పక్క అచ్చులో సరిగ్గా అందుకోవాలి.

నాకు బాగా నచ్చింది రంగుల పని. బట్టని ముందే కరక్కాయ, పాలలో తడిపి ఆరబెడతారు. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి చేసిన ద్రావణం ఆ కరక్కాయకి తగలగానే నల్లబడుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే! ఎరుపైతే పటిక అద్దిన చోట, రంగులో ఉడికించాకే తేలుతుంది. అంటే అద్దేవాళ్లు ఇంకా రాని రంగుని మనసులో పెట్టుకుని అచ్చు వేస్తారు.

స్క్రీన్ ప్రింట్‌ని కలంకారీ అని చవగ్గా అమ్ముతుంటే ఇప్పుడు నిజంగా బాధేస్తోంది. కొనేముందు అచ్చుతో అద్దిందేనా అని ఒక్కసారి అడగండి, ప్లీజ్.