తడి గాలికి ఓజోన్ రాదు

మాది పలాస వైపు. బతుకుతెరువు మాత్రం ఒడిశాలోని బరంపురంలో. ఈ గంజాం జిల్లా కుర్రాళ్ళు మగ్గాల పనికి సూరత్ పోతుంటే నేను ఎదురొచ్చి ఇక్కడ దిగాను. పరాయి రాష్ట్రమే గానీ భాషకు ఇబ్బంది లేదు. ఓనర్లు ఒడియాలో విసుక్కున్నా బేరం తెలుగులోనే ఆడతారు.

వాటర్ ప్లాంట్లలో ఓజోన్ మిషన్లు రిపేరు చేస్తాను. ఆర్వో అయ్యాక, క్యాన్లు నింపేముందు క్రిములు చావడానికి నీళ్ళలోకి ఓజోన్ వాయువు వదులుతారు. స్టీలు గొట్టంలో గాజు గొట్టం, మధ్యన సన్నటి సందు. వేల వోల్టులు ఇస్తే ఆ సందులో గాలి ఊదారంగులో వెలుగుతుంది. అదే ప్లాస్మా. అందులో ఆక్సిజన్ విడిపోయి, మూడేసి పరమాణువులుగా కలిసి ఓజోన్ అవుతుంది. జర్మనీలో సీమెన్స్ 1857లో చేసిన ఏర్పాటుకి, నా చేతిలోని మిషన్‌కి మూలసూత్రం ఒక్కటే.

చిక్కంతా గాలితోనే. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే కదా, వానాకాలంలో ఇక్కడ గాలిని పిండితే నీళ్ళొస్తాయి. ఆ తడి గాలి లోపలికెళ్తే ఓజోన్ పడిపోతుంది. పైగా గాల్లోని నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారి, తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లమై ఫిట్టింగుల్ని తినేస్తుంది. అందుకే ముందు సిలికా జెల్ డబ్బా పెడతారు. మా దగ్గర వాడే రకం నీలంగా ఉంటే పొడిగా ఉన్నట్టు, గులాబీ రంగుకొస్తే తేమ పట్టినట్టు. అప్పుడు తీసి వేడిచేసి ఆరబెట్టాలి. ఎవరూ ఆ పని చెయ్యరు.

"కొత్త గొట్టం ఎంతవుతుంది బాబూ?"

"గొట్టం బాగానే ఉందండీ. గాలి ఆరబెట్టండి చాలు."

గాలిని ఆరబెట్టడమేంటని నవ్వుతారు.

తమాషా ఏంటంటే, నేను తిట్టుకుంటూ తుడిచే ఆ ఆమ్లాన్నే కావాలని పుట్టించేవాళ్ళున్నారు. నీటి మీది గాల్లో ఇలాగే కరెంటు డిశ్చార్జ్ ఇచ్చి ప్లాస్మా పుట్టిస్తే నైట్రేట్, నైట్రైట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ నీళ్ళలో చేరి, పీహెచ్ పడిపోతుంది, అంటే నీళ్ళు ఆమ్లంగా మారతాయి. అన్నీ కలిసి సూక్ష్మజీవుల్ని చంపుతాయి. విత్తనాల మొలకకీ, కూరగాయలు కడగడానికీ ఆ నీళ్ళమీద పరిశోధనలు జరుగుతున్నాయి. తాగడానికి మాత్రం కాదు. మన ప్రమాణం ప్రకారం తాగేనీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఓజోన్ నీళ్ళలో ఎక్కువసేపు నిలవదు, ఎండాకాలం మరీ త్వరగా పోతుంది. ఆ తర్వాత మురికి క్యాన్‌లో క్రిములు పెరిగినా ఆపే దిక్కుండదు. ముందు క్యాన్లు కడిగించండి అంటే, "నువ్వు మిషన్ చూడు బాబూ" అంటారు. మిషన్ చూసినందుకే నాకు డబ్బులు కాబట్టి, చూస్తాను.