19 సెంటీమీటర్లు

ఆదివారం, రాత్రి.

ఈ రోజు తలంటుకోవడంతోనే సగం రోజు గడిచిపోయింది. ఒకప్పుడు అరగంటలో ముగిసే పని ఇది. ఇప్పుడు నూనె రాయడం, చిక్కు తీయడం, కడగడం, మళ్ళీ చిక్కు తీయడం, ఆరబెట్టుకోవడం అన్నీ కలిపి మూడు గంటలు పడుతోంది. నా తలమీద ప్రస్తుతం రెండు రకాల జుట్టు ఉండటమే దీనికి కారణం. మాడు నుంచి మెడ దాకా పుట్టుకతో వచ్చిన ఉంగరాల జుట్టు, అక్కడి నుంచి వీపు మధ్య వరకు మూడుసార్లు రీబాండింగ్ (ఉంగరాల జుట్టును రసాయనాలతో నిటారుగా చేయడం) చేయించుకోవడం వల్ల చీపురుపుల్లల్లా మిగిలిన జుట్టు.

ఆఖరిసారి చేయించుకుని 20 నెలలైంది. మధ్యాహ్నం అమ్మ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి, పాపట పక్కన ఒక పాయను లాగిపట్టి కొలిచాను. కొత్త జుట్టు 19 సెంటీమీటర్లు వచ్చింది. వదిలేయగానే అది 11కి ముడుచుకుపోయింది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుందనే లెక్క నా విషయంలో దాదాపు సరిపోయింది గాని, ముడుచుకుపోయిన ఆ 8 సెంటీమీటర్ల సంగతి తెలియని బంధువులు మాత్రం ఇన్నాళ్ళయినా జుట్టు పెరగలేదేమని అడుగుతూనే ఉన్నారు.

వెంట్రుకలోని కెరాటిన్ అనే మాంసకృత్తు పోగులను ఒకదానితో ఒకటి గట్టిగా పట్టి ఉంచేవి గంధకపు బంధాలు. రీబాండింగ్‌లో మొదట పూసే క్రీము, అందులో సాధారణంగా ఉండే అమ్మోనియం థయోగ్లైకొలేట్ వల్ల, ఆ బంధాలను తెంపుతుంది. తర్వాత ఇస్త్రీ చేసినట్టు వేడి పలకల మధ్య జుట్టును సాగదీసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న రెండో క్రీముతో ఆ బంధాలను కొత్త ఆకారంలో తిరిగి కలుపుతారు. తెగినవన్నీ మళ్ళీ కలవవు. అందుకే రెండోసారి నుంచి కొత్తగా పెరిగిన భాగానికే క్రీము పెట్టాలి. నాకు మూడోసారి కుదుళ్ళ నుంచి కొసల దాకా పెట్టారు. తప్పంతా ఆ పార్లరుదేనని ఏడాదిపాటు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఇక్కడైనా నిజం రాసుకోవాలి: కొసలు ఉబ్బుగా ఉన్నాయి, అక్కడా పెట్టండి అని అద్దంలో చూపించి మరీ అడిగింది నేనే. వద్దని చెప్పడం వాళ్ళ బాధ్యత. అది వాళ్ళు చేయలేదు.

అమెరికాలోని నల్లజాతి మహిళలు జుట్టును నిటారుగా చేసుకోవడానికి తరతరాలుగా వాడుతున్న రిలాక్సర్లనే క్రీముల సంగతి ఇంతకంటే కఠినమైనది. వాటిలో చాలావరకు ఉండే సోడియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారం గంధకపు బంధంలోని రెండు గంధకపు పరమాణువుల్లో ఒకదాన్ని తీసేస్తుంది కనుక, ఆ బంధం మళ్ళీ మునుపటిలా కుదరదు. పాడైన జుట్టును కొంచెం కొంచెంగా కత్తిరించుకుంటూ సహజమైన జుట్టును పెంచుకోవడాన్ని వాళ్ళు ‘ట్రాన్సిషనింగ్’ అంటారు. ఒక్కసారే కత్తిరించేస్తే అది ‘బిగ్ చాప్’. అంత ధైర్యం నాకు లేకపోయింది. నేను మొదటి దారే పట్టాను.

దువ్వెనకు వచ్చిన ఒక వెంట్రుకను కిటికీ వెలుగులో పట్టుకుని చూశాను. పైభాగం పాత టెలిఫోను తీగలా చుట్టలు చుట్టుకుని, నల్లగా, నిగనిగలాడుతోంది. ఉన్నట్టుండి ఒకచోట చుట్ట ఆగిపోయి, అక్కడి నుంచి వెంట్రుక నిటారుగా, గోధుమరంగుకు తిరిగి, కొసన రెండుగా చీలి ఉంది. తడిపి మెల్లగా లాగితే కొత్త భాగం సాగి వెనక్కి వచ్చింది. పాత భాగం సాగింది గాని వెనక్కి రాలేదు, పుటుక్కున తెగింది. తెగేది ఎక్కువగా ఆ రెండూ కలిసే చోటే కాబట్టి, ఇప్పుడు దువ్వడం కొసల నుంచి మొదలుపెట్టి, పైభాగాన్ని పిడికిట్లో గట్టిగా పట్టుకుని చేస్తున్నాను. తలంటుకు ముందు కొబ్బరినూనె రాస్తున్నది కూడా పాడైన భాగం బాగవుతుందని కాదు; అది బాగవదు. నూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు పోయే మాంసకృత్తును కొంత తగ్గిస్తుంది, అంతే. జుట్టుకు ప్రాణం పోస్తామనే సీసాలకు పోసిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం కత్తెర తీస్తే అమ్మమ్మ అడ్డుపడింది.

“శ్రావణంలో పెళ్ళి పెట్టుకుని ఇప్పుడెందుకే? పూలజడ దేనికి కడతారు?”

“సవరం పెట్టుకుంటాలే అమ్మమ్మా.”

కాసేపు గొణిగి, చివరికి వెనక వైపు తనే కత్తిరించింది. 5 సెంటీమీటర్లు చెప్తే, చేయి వణికి ఒక పక్కన 7 పోయింది. రాలిన వెంట్రుకలన్నీ కవరులో దాచి, వీధిలోకి వచ్చే జుట్టువాడికిచ్చి స్టీలు గిన్నెలు తీసుకునే అలవాటు ఆవిడది. కాగితంలో పోగుపడిన ముక్కలను చేత్తో నలిపి చూసి పక్కకు నెట్టేసింది.

“ఈ పీచుకు వాడు గరిటె కూడా ఇవ్వడే.”