ఒక్క ఊపిరిలో పద్నాలుగు

గత ఏడాది ఆగస్టులో నాకు వచ్చిన జబ్బు పేరు గులియన్ బారీ సిండ్రోమ్ అని తెలియడానికి మూడు రోజులు పట్టింది. అంతకు పది రోజుల ముందు విరేచనాలయి తగ్గిపోయాయి. తరువాత అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది, మరునాటికి హనుమకొండలో మా ఇంటి మెట్లు ఎక్కలేకపోయాను, మూడో రోజు పొద్దున చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లు లొంగలేదు. మొదట చూసిన వైద్యుడు బలహీనత అని సెలైన్ ఎక్కించి పంపాడు. ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు కనుక ఆయన మీద నాకు కోపం లేదు. రెండో ఆసుపత్రిలో నరాల వైద్యుడు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టినప్పుడు కాలు ఎగరలేదు. ఆయన మరొక్కసారి కొట్టి, సుత్తి పక్కన పెట్టి, అప్పటికప్పుడు ఐసీయూలో చేర్చుకున్నాడు.

ఒంట్లోని రోగనిరోధక శక్తి పొరపాటున సొంత నరాలనే శత్రువులనుకొని దెబ్బతీస్తుందని, చచ్చుదనం కాళ్ల నుంచి పైకి పాకుతుందని, ఊపిరి తీసే కండరాలకు చేరితే వెంటిలేటర్ తప్పదని ఆయన ఓపికగా చెప్పాడు. కిలో బరువుకు 2 గ్రాముల లెక్కన, 60 కిలోల మనిషినైన నాకు 120 గ్రాముల ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఐదు రోజుల్లో ఎక్కించాలి. ఆ సాయంత్రమే నా భార్య పుస్తెలతాడు కుదువపెట్టి వచ్చింది. వెన్నులో నీరు తీయడం, నరాల పరీక్ష లాంటివి అందరికీ జరిగేవే కనుక వాటి గురించి రాయను.

రాయవలసింది లెక్క గురించి. రెండు గంటలకొకసారి సిస్టర్ వచ్చి, గుండె నిండా గాలి పీల్చుకొని ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలనో చూసి కాగితంలో రాసుకునేది. మొదటి రోజు 26 వచ్చింది. రెండో రోజు సాయంత్రం 20, రాత్రి పదకొండింటికి 17. పదిహేను దాటకపోతే గొంతులో గొట్టం వేసే ఆలోచన చేయాలని వాళ్లు అనుకోవడం విన్నాను. ఈ జబ్బు కాళ్లూ చేతులూ పట్టుకుపోతుంది కానీ మనసు జోలికి, చెవుల జోలికి రాదు.

ఆ సంగతి తెలియవలసిన వాళ్లలో ఒకరికి తెలియలేదు. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న యువ వైద్యుడు నా మంచం కాళ్ల దగ్గర నిలబడి, మా బావమరిదితో, "ఈయన తెల్లారేదాకా ఆగుతడన్న నమ్మకం నాకైతే లేదు, రావలసినోళ్లకు ఫోన్లు చేసుకోండ్రి" అన్నాడు. గొంతు తగ్గించలేదు. నా కళ్లు తెరిచే ఉన్నాయి. నేను అప్పటికే లేనట్టు, మంచం మీద మూట ఉన్నట్టు మాట్లాడాడు. భయం వేస్తే ఊపిరి ఎంత పొట్టిదవుతుందో ఆ నిమిషంలో తెలిసింది. ఒంటిగంటకు సిస్టర్ వచ్చి "లెక్కపెట్టండి సార్" అన్నప్పుడు నాకు వచ్చినవి పద్నాలుగు.

అప్పుడు బాపు గుర్తుకు వచ్చాడు. బాపు చనిపోయి పదహారేళ్లయింది. పరకాల దగ్గర మా ఊళ్లో, కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు ఆయన తలకు రుమాలు చుట్టుకొని, తూర్పుకు తిరిగి కూర్చొని, ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. కుంచం నిండి గోనెలో పడేదాకా "లాభం, లాభం, లాభం" అని అదే మాట అంటూ, తరువాత "రెండు, రెండు, రెండు" అని సాగదీసేవాడు, లెక్క తప్పకుండా. ఏడు అనే మాట ఏడుపు కనుక దాన్ని పలకకుండా "ఆరున్నొక్కటి" అనేవాడు. మధ్యలో ఎవరు పిలిచినా, చివరికి పటేలు పిలిచినా, తల తిప్పడు. సంచులు మోస్తూ నేను విన్న ఆ గొంతు, నలభై ఏళ్ల తరువాత, మానిటర్ల చప్పుడు మధ్య అచ్చం అలాగే వినిపించింది. నేను పైకి అనలేదు, లోపలే అనుకుంటూ ఒక్కొక్క ఊపిరికి ఒక్కొక్క కుంచం పోస్తూ పోయాను. వందో రెండు వందలో, ఎక్కడ ఆగానో తెలియదు. మూడింటికి మళ్లీ లెక్కపెట్టమంటే "లాభం" అని మొదలుపెట్టాను. సిస్టర్ వింతగా చూసింది కానీ ఆపలేదు. పద్నాలుగే. ఐదింటికీ పద్నాలుగే. తగ్గలేదు.

మందు పని చేసింది, అందులో నాకు సందేహం లేదు. ఆ మందు పని మొదలుపెట్టేదాకా బెదరకుండా కూర్చోబెట్టినవాడు మాత్రం బాపు. ఆయన పోయిన రోజు నేను పరీక్షల డ్యూటీలో ఉండి సమయానికి చేరలేకపోయాను. ఆ బాకీ నాకు మిగిలే ఉంది, ఆయన మాత్రం ఏమీ మనసులో పెట్టుకోకుండా వచ్చి కూర్చున్నాడు.

తరువాతి వారాలు వేరే రకం కష్టం. చెంచా పట్టుకోవడం, మంచం అంచున కూర్చోవడం చిన్నపిల్లవాడిలా నేర్చుకున్నాను. నెలలు పడుతుందన్నారు, ఎన్ని నెలలో చెప్పలేదు. ఆ రోజుల్లో నేను తలుచుకున్నది ఆచార్య జయశంకర్ గారిని. ఉద్యోగాలు స్థానికులకే కావాలన్న 1952 ముల్కీ ఉద్యమంలో విద్యార్థిగా ఉన్నవాడు, జీవితమంతా తెలంగాణ కోసమే మాట్లాడినవాడు, కడుపులో క్యాన్సర్‌తో 2011 జూన్ 21న మా హనుమకొండలోనే కన్నుమూశాడు. రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. మూడేళ్లు తక్కువ పడ్డాయి. అంతిమయాత్ర నాడు నేనూ జనంలో నడిచాను. తాను చూడలేనిదాని కోసం అంత కుదురుగా పని చేసిన మనిషి ఉన్న ఊళ్లో, రేపు చెంచా పట్టుకోగలనా లేదా అని విసుక్కోవడానికి సిగ్గు వేసింది. చేతికర్ర పట్టుకొని మొదటిసారి బయట నడిచింది ఏకశిలా పార్కులో ఆయన స్మృతివనం దాకానే.

నా భార్య నమ్మకం వేరు. నిలువెత్తు బంగారం, అంటే నా బరువుకు సరితూగే బెల్లం, ఇస్తానని మేడారం సమ్మక్క తల్లికి ఆ రాత్రే మొక్కుకుందట. ఇంటికి వచ్చేసరికి నేను 51 కిలోలు. మొక్కిన నాటి బరువే లెక్క అని పట్టుబట్టి, మేడారంలో 60 కిలోల బెల్లం ఇచ్చింది. తల్లుల దగ్గర బేరం ఆడరాదని నేనూ ఊరుకున్నాను.

కాళ్లలో తిమ్మిరి పట్టి రోజురోజుకూ పైకి పాకుతుంటే సెలైన్లతో కాలయాపన చేయకుండా నరాల వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఐసీయూలో మీ మనిషి కళ్లు మూసుకొని ఉన్నా సరే, మంచం దగ్గర చావు మాటలు ఎవరినీ మాట్లాడనీయకండి.

ఆరు నెలల తరువాత పరీక్షకు వెళ్లినప్పుడు వరండాలో ఆ యువ వైద్యుడు ఎదురయ్యాడు. ఆయనకు చెప్పాలని ఎన్నో రాత్రులు కూడబెట్టుకున్న మాటలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, దారి వెతుక్కుంటున్నాననుకొని మర్యాదగానే ఆగి, "పేషెంట్ ఎవరు సార్?" అని అడిగాడు.

"నేనే" అన్నాను.