బెంగళూరు పారిశ్రామిక ప్రాంతం పీణ్యాలో ఈరోజు

"మా ఆయన బట్టలు నేనే ఉతుకుతా. వాటి గురించి అడగరేంటమ్మా?" అంది ఒక అక్క.

యూనివర్సిటీ వాళ్ల సర్వే ఫారంలో అన్నీ బోరు నీళ్ల ప్రశ్నలే. లోహాలకు క్రోమియం పూత వేసే ప్లేటింగ్ షాపు నుంచి ఇంటికొచ్చే బట్టల ఊసే లేదు. అక్క చూపించిన బకెట్‌లో, నానబెట్టిన చొక్కా చుట్టూ నీళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

తాగే నీటిలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. అందులో హెక్సావలెంట్ (క్రోమియం-6) అనే రకం మరీ ప్రమాదం. చర్మం మీద పుండ్లు, ముక్కు లోపలి గోడకు చిల్లు, పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ బట్టలు ముట్టుకునే ఆడవాళ్లను లెక్కలోకి తీసుకోకపోతే ఎలా?

సర్వేకి వచ్చిన యూనివర్సిటీ మేడమ్ అక్కడే ఆ ప్రశ్న రాసుకున్నారు. ప్రాణం లేచొచ్చింది. రిపోర్టు ముందు ఈ వీధిలోనే చదువుతామన్నారు. తెలుగులో చెప్పే పని నేను తీసుకున్నాను.