మంచు రోడ్డు మీద ట్రైలర్: ఎండలో పెట్టిన సెట్టింగులు అక్కడ చెల్లవు

బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, అంటే ట్రైలర్. ఇంటి ముందు ఎండలో నిలబెట్టి సరిచేసుకున్న దాని సెట్టింగులు మంచు రోడ్డు ఎక్కగానే తప్పయిపోతాయి. బండి అదే, ట్రైలర్ అదే. మారింది టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టు. అందుకే చలికాలంలో హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం) బిగించి బయల్దేరితే పని అయిపోయినట్టు కాదు. రోడ్డు మారినప్పుడల్లా కొన్నింటి మీద మళ్లీ చెయ్యి వెయ్యాలి.

అందులో మొదటిది బ్రేక్ కంట్రోలర్, అంటే బండిలోంచి ట్రైలర్ కరెంటు బ్రేకుల్ని నడిపే పరికరం. మామూలుగా పొడి రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో దాని చేతి మీటను పూర్తిగా నొక్కి, ట్రైలర్ చక్రాలు లాక్ అయ్యేదాకా గెయిన్ (ట్రైలర్ బ్రేకులకు ఎంత బలం పంపాలో చెప్పే అంకె) పెంచి, అక్కడినుంచి కాస్త తగ్గించి వదిలేస్తాం. ఆ అంకె 6.5 అనుకుందాం. మంచు మీద దాన్ని అలాగే ఉంచితే, బ్రేక్ మీద కాలు ఆనీ ఆనకముందే ట్రైలర్ చక్రాలు తిరగడం మానేస్తాయి. తిరగని చక్రం ముందుకే కాదు, పక్కకీ జారుతుంది. రోడ్డు ఒక పక్కకి కొంచెం వాలి ఉన్నా చాలు, ట్రైలర్ తోక ఆ పల్లం వైపు దిగిపోతుంది. అద్దంలో అప్పటిదాకా సన్నటి అంచుగా ఉన్న ట్రైలర్ పక్కగోడ వెడల్పుగా కనిపించడం మొదలైందంటే జరుగుతున్నది అదే. వెంటనే బ్రేక్ వదలాలి, చక్రాలు మళ్లీ తిరగాలి.

భయపడి గెయిన్‌ని సున్నాకి దించడం ఇంకో తప్పు. అప్పుడు మూడు టన్నుల ట్రైలర్ వెనకనుంచి నెడుతుంది, బండి వెనక భాగం పక్కకి తిరిగి మడత పడుతుంది. ఎవరూ లేని ఖాళీ స్థలం దొరికితే 15-20 కిలోమీటర్ల వేగంలో చేతి మీట నొక్కి చూడండి. తోడు వచ్చినవాళ్లు దూరంగా నిలబడి చక్రాలను గమనించాలి, లోపలినుంచి తెలియదు. లాక్ కాని అంకె దొరికేదాకా తగ్గించండి. కంట్రోలర్ బండి వేగం తగ్గే తీరును కొలిచే రకమైతే కొంత నయం: జారే రోడ్డు మీద వేగం మెల్లగా తగ్గుతుంది కాబట్టి ట్రైలర్‌కి కరెంటూ తక్కువే పంపుతుంది. బ్రేక్ నొక్కిన సమయాన్ని బట్టి కరెంటు పెంచే టైమర్ రకానికి ఆ ఇంగితం లేదు, పెట్టిన అంకె దాకా పంపేస్తుంది. పొడి రోడ్డు రాగానే గెయిన్ మళ్లీ పెంచడం చాలామంది మర్చిపోతారు. తర్వాత వచ్చే పొడుగాటి దిగుడులో బరువంతా బండి బ్రేకుల మీదే పడి అవి కాగిపోతాయి.

ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ బ్రేక్ (చిన్న గేరులో ఇంజినే బండి వేగాన్ని పట్టి ఉంచడం) పొడి రోడ్డు మీద దేవుడిచ్చిన వరం. మంచు మీద అది బండిని నడిపే చక్రాలను మాత్రమే పట్టి లాగుతుంది. అవి వెనక చక్రాలైతే గేరు ఒక్కసారిగా దిగినప్పుడు జారిపోవచ్చు. దిగుడు మొదలవకముందే, వేగం బాగా తగ్గించి గేరు మార్చుకోండి. క్రూజ్ కంట్రోల్ జోలికి వెళ్లొద్దు.

హిచ్ దగ్గర రాపిడితో ట్రైలర్ ఊగుడు ఆపే ఫ్రిక్షన్ బార్ వాడుతున్నారా? జారే రోడ్డు వస్తే దాన్ని వదులు చెయ్యండి, లేదా తీసేయండి. దాని పని మలుపును అడ్డుకోవడం. పొడి రోడ్డు మీద ముందు టైర్లకు ఆ పట్టును గెలిచే బలం ఉంటుంది. మంచు మీద ఉండదు: స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది, మలుపు తిరిగాక తిన్నగా రమ్మంటే రాదు.

బరువు లెక్క కూడా మారుతుంది. హిచ్ మీద ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. గడ్డకడుతుందని నీళ్ల ట్యాంకు ఖాళీ చేశారనుకోండి: 150 లీటర్లంటే 150 కిలోలు. ట్యాంకు ఇరుసుకి ముందుంటే హిచ్ తేలికై ఊగుడు పెరుగుతుంది, వెనకుంటే హిచ్ బరువెక్కుతుంది. ఖాళీ చేశాక మళ్లీ తూచండి.

టైర్లు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 80 పీఎస్ఐ పెడితే, మైనస్ 15 దగ్గర సుమారు 69 చూపిస్తాయి. గాలి కారలేదు, చల్లబడింది. పొద్దున్నే, బండి కదలకముందే చూసి నింపండి. మంచులో పట్టు కోసం టైర్లకు చుట్టే చైన్లు బండికే కాదు, బ్రేకులున్న ట్రైలర్ ఇరుసుకూ ఒక జత ఉండాలి. కొన్ని కొండదారుల్లో అది నిబంధన కూడా. కొత్తవాటిని ఇంటి దగ్గరే ఒకసారి తొడిగి చూసుకోండి. తడి గ్లౌజులతో, చీకట్లో నేర్చుకునే పని కాదది.

లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే పాడవుతుంది. సీసం బ్యాటరీ మైనస్ 18 దగ్గర సుమారు సగం సామర్థ్యమే ఇస్తుంది, అదే సమయానికి హీటర్ ఫ్యాన్ దానిమీదే తిరుగుతుంటుంది. గ్యాస్ సిలిండర్‌లో ప్రొపేన్ మాత్రమే ఉండాలి. బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది.

రాత్రికి ఆగినచోట టైర్ల కిందా జాకీ పాదాల కిందా చెక్కలు వెయ్యండి, లేకపోతే తెల్లారేసరికి నేలకి అతుక్కుపోతాయి. బయల్దేరేముందు కప్పు మీద మంచు దులిపి, స్లైడ్ (ట్రైలర్ గోడలోంచి బయటికి జరిగే గది భాగం) పైన గడ్డకట్టినదాన్ని తీసేశాకే స్లైడ్ లోపలికి లాగండి. ఆ గడ్డ రబ్బరు సీలును చింపేస్తుంది.