విక్టోరియా పార్కులో మావయ్య చూసిన క్లాష్

ఒడిశాలోని బ్రహ్మపురంలో స్థిరపడిన మా తెలుగు కుటుంబాలలో సంగీతమంటే త్యాగరాజ కీర్తనలు, పాత సినిమా పాటలు, పండుగనాడు ఒడియా భజనలు. వాటి మధ్యనే పెరిగిన మా చిన్న మావయ్యకు మాత్రం ‘ది క్లాష్’ అనే లండన్ పంక్ (వేగంగా, తిరుగుబాటు ధోరణితో సాగే రాక్ సంగీతం) బృందమంటే ప్రాణం. సరుకు ఓడ ఇంజిన్ గదిలో ఉద్యోగం చేస్తూ లండన్ రేవులో దిగిన రోజుల్లో, 1978 ఏప్రిల్ 30న, విక్టోరియా పార్కులో ఆయన వారిని కళ్లారా చూశారు.

అది మామూలు కచేరీ కాదు. 1976లో ప్రసిద్ధ రాక్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ బర్మింగ్‌హామ్ వేదిక మీద వలస వచ్చినవారికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు జవాబుగా ‘రాక్ ఎగైనెస్ట్ రేసిజం’ ఉద్యమం పుట్టింది. ఆ ఉద్యమం పిలుపు మీద వేలాది మంది ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి తూర్పు లండన్ దాకా నడిచి వచ్చారు. స్టీల్ పల్స్, ఎక్స్-రే స్పెక్స్ బృందాలు కూడా అదే వేదికపై పాడారు. మన ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలోలాగే అడుగు తీసి అడుగు వేయలేకపోయామనీ, వేదిక ఎక్కడో దూరాన ఉండటంతో క్లాష్ గాయకుడు జో స్ట్రమ్మర్ మాటలు సగం గాలికే పోయాయనీ మావయ్య చెప్పేవారు. అయినా చీకటి పడితే ఒంటరిగా నడవడానికి జంకే ఆ వీధుల పక్కనే, చొక్కాలకు పిన్నీసులు గుచ్చుకున్న తెల్ల కుర్రాళ్లు తనను ముందుకు రమ్మని చోటిచ్చారని చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. నాలుగు రోజులకే, మే 4న, అదే తూర్పు లండన్‌లో అల్తాబ్ అలీ అనే బంగ్లాదేశీ దుస్తుల కార్మికుణ్ణి జాతి ద్వేషంతో హత్య చేశారు. ఈ రెండు సంగతులనూ ఆయన ఎన్నడూ విడదీసి చెప్పలేదు.

క్లాష్‌ను చూసిన ఇతరుల జ్ఞాపకాలు చదివినప్పుడు కూడా, వాయించిన తీరు కంటే తమను చూసుకున్న తీరునే వారు ఎక్కువగా తలచుకోవడం గమనించాను. 1981లో న్యూయార్క్‌లోని బాండ్స్ హాలులో ఎనిమిది కచేరీలకు పరిమితికి మించి టికెట్లు అమ్మారు. అధికారులు అడ్డుపడినప్పుడు, టికెట్ కొన్నవారెవరూ నష్టపోకూడదని ఆ బృందం పదిహేడు కచేరీలు చేసింది. అంతకుముందు ‘లండన్ కాలింగ్’ జంట రికార్డును ఒక్క రికార్డు ధరకే ఇచ్చింది కూడా వారే. నా దృష్టిలో అభిమానుల ప్రేమకు మూలం ఇక్కడే ఉంది.

1983లో బృందం నుంచి తొలగించబడిన గిటారిస్టు మిక్ జోన్స్, 2002 నవంబరు 15న లండన్‌లోని యాక్టన్ టౌన్ హాలులో ప్రేక్షకుల మధ్య నుంచి వేదికెక్కి స్ట్రమ్మర్‌తో కలిసి వాయించారు. ఆ తర్వాతి నెలలోనే స్ట్రమ్మర్ కన్నుమూశారు. తాను చూడలేకపోయిన కచేరీలన్నింటిలో మావయ్య ఎక్కువగా కోరుకున్నది దానినే. పాత మిత్రులు కలుసుకున్నందుకు సంతోషమే గానీ, పోరాటంలో ఉన్న అగ్నిమాపక కార్మికుల సహాయ నిధి కోసం పాడుతూ కలుసుకున్నందుకు మరింత సంతోషమని ఆయన అనేవారు.